కంపెనీ బస్సు వచ్చే వేళ

కెలవరపల్లిలో పాపక్కకు నాలుగు ఆవులు, కాస్త రాగి చేను, ఒక్కగానొక్క కూతురు అంబిక. హోసూరులో కంపెనీ పనికి పోయే అంబిక ఇరవై నాలుగేళ్లకే డెంగీ జ్వరంతో పోయింది.

మొదటి నెలల్లో పాపక్క ఏడిస్తే ఊరూ ఏడ్చింది. భర్త చౌడప్ప ఆవు మెడ పట్టుకుని ఏడ్చాడు. ఆరు నెలలకు ఆయన మళ్లీ చేను దున్నాడు, పాల సొసైటీ దగ్గర నలుగురితో నవ్వాడు కూడా. ఆ నవ్వు పాపక్కకు ముల్లులా గుచ్చుకుంది.

"బిడ్డను మర్చిపోయినావు," అంది. ఆయన లేచి చేనుకు పోయాడు.

ఏడాదిన్నర గడిచినా ఆమె రోజూ సాయంత్రం, అంబిక దిగే కంపెనీ బస్సు ఆగే చోటికి పోయి నిలబడేది. అంబిక రాదని తెలుసు. తెలిసినా కాళ్లు ఆగేవి కావు. వంట మానింది, పాలు పితకడం మానింది, చుట్టాల గడప తొక్కలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

చివరికి ఊళ్లోకి వచ్చే నర్సు సుధామణి పక్కన కూర్చుని, "అంబికకు ఏం తినేది ఇష్టమమ్మా?" అని అడిగింది. బాధపడుతుందని ఇన్నాళ్లూ ఆమె ముందు ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. పాపక్క చాలాసేపు మాట్లాడింది. ఆఖరున, "నాకు పిచ్చి పట్టిందా?" అంది.

"కాదమ్మా. ఏడుపుకు గడువు లేదు. మీ ఆయనకూ దుఃఖం ఉండాది, దాన్ని మోస్తానే పని చేస్తాండాడు. మీకు మాత్రం అది ఆ రోజుకాడే నిలిచిపోయినాది. ఏడాది దాటినా తిండీ పనీ సాగకుంటే, దానికి వైద్యం ఉండాది."

చౌడప్ప పాపక్కను వారం వారం హోసూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు అడిగితే ఆమె కూతురి చివరి రోజును మొదటినుంచీ చెప్పింది, మళ్లీ మళ్లీ చెప్పింది. ఒకసారి వింటూ వింటూ చౌడప్ప, "నేను చేనుకాడ రోజూ అంబికతో మాట్లాడతా. నీకు చెప్తే ఇంకా ఏడుస్తావని చెప్పలా," అన్నాడు. పాపక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

బస్సు దగ్గరికి పోవడం ఒక్కసారిగా ఆగలేదు. ముందు వారానికి ఒకరోజు మానుకుని ఆ పూట పాలు పితికింది. తర్వాత రెండు రోజులు.

ఆరు నెలలకు అంచెట్టిలో చెల్లెలు కెంపమ్మ మనవరాలికి పేరు పెడుతుంటే పోయింది. ఉయ్యాల చూడగానే ఏడుపు ముంచుకొచ్చింది. కెంపమ్మ కంగారుపడి, "ఇంటికి పోతావా అక్కా?" అంది.

"ఏడ్చేది ఏడుస్తాలే," అంటూ పాపక్క కొంగుతో మొహం తుడుచుకుని పంక్తిలో కూర్చుంది. "రాగిముద్ద వేడిగా ఉండాదా? పెట్టు."