జూలైలో మూడు ఖాళీ గళ్లు

అమీర్‌పేటలో సాయంత్రాలు జావా నేర్చుకుంటూ, పగలు ఒక డేటా ఎంట్రీ సెంటర్లో పనిచేసిన రోజుల మాట ఇది. సెంటర్ అంటే ఏదో అనుకునేరు. ఇడ్లీ హోటల్ పైన రెండు గదులు, తొమ్మిది కంప్యూటర్లు, గాలి కంటే శబ్దం ఎక్కువిచ్చే కూలర్ ఒకటి. బీమా ఫారాలు, ఆస్పత్రి కాగితాలు, ఏది వస్తే అది కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లం. ఏడుగురు అమ్మాయిలు, వాళ్ల మీద పెత్తనం నాది. పెత్తనమంటే తిట్లు ముందు నాకు పడతాయని అర్థం.

ఓనర్ది మెదక్ వైపు. అందరం అన్నా అనేవాళ్లం. మంచి మనిషే గానీ, ఫారంలో ఏ గడీ ఖాళీగా ఉండకూడదని ఒక పంతం.

“ఖాళీ చూస్తే నాకు అన్నం సయించదు చెల్లె. లేదంటే సున్ననే గద. సున్న కొట్టి ముంగటికి పో” అనేవాడు.

బీమా ఫారంలో ‘పిల్లలు ఎందరు’ అన్న గడి ఖాళీగా ఉంటే సున్నా కొట్టడంలో తప్పేముంది? మా సాఫ్ట్‌వేర్ కూడా అన్న మాటే వినేది. ఏదో ఒకటి కొట్టందే కర్సర్ మొండికేసి కదిలేది కాదు.

ఆ మాటకొస్తే ఖాళీలంటే అమీర్‌పేట మొత్తానికీ పడేది కాదు. గ్యాప్ పళ్ల మధ్య ఉన్నా పర్లేదు, రెజ్యూమెలో ఉండకూడదు. మా హాస్టల్లో సగం మందికి, కాగితం మీద, ఎవరూ చూడని కంపెనీల్లో రెండేళ్ల అనుభవం ఉండేది. నాకూ రెండేళ్ల గ్యాప్ ఉంది. డిగ్రీలో లెక్కల పేపరు తప్పి, మళ్లీ రాసి మళ్లీ తప్పి, తెనాలిలో ఇంట్లో కూర్చున్న కాలం అది. నేను సెంటర్లో చేరి నాలుగైదు నెలలే అయినా, అన్న నా భుజం తట్టి చెప్పేవాడు: “మూడేండ్ల సంది నా తాన చేస్తున్నవని రాసిస్త. జర సుత ఫికర్ చెయ్యకు.” ఆ మాట నాకు కొండంత ధైర్యం.

ఆ ఏడు వేసవిలో ఒక పెద్దాయన మా మెట్లెక్కి వచ్చారు, సారు అనేవాళ్లం. శ్రీనగర్ కాలనీ నుంచి నడిచి వచ్చేవారు, మే నెల ఎండలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకుని. వాతావరణ శాస్త్రవేత్త. దక్షిణ ధ్రువం వైపున్న మంచు ఖండంలో ఒక చలికాలమంతా ఉండి వచ్చిన మనిషి. అక్కడి పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి చేత్తో రాసిన రిజిస్టర్ల నకళ్లు రెండు రెక్సిన్ సంచుల నిండా తెచ్చారు. రోజుకొక వరస, వరసలో చలి, గాలి, మంచు. ఆగస్టులో రిటైరవుతున్నారు. ఆలోగా ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు తేల్చి, ఆఖరి పరిశోధన పేపరు పంపాలని ఆయన కోరిక: అక్కడి చలికాలాలు ఏటికేడు వేడెక్కుతున్నాయా, లేదా?

మేము నలభై రెండు డిగ్రీల ఎండలో కూర్చుని మైనస్ ముప్ఫైలు కొట్టాం. జూలై అక్కడ నడి చలికాలమని తెలిసి అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. తప్పులు దొర్లకుండా ప్రతి పేజీనీ ఇద్దరు విడివిడిగా కొట్టి, రెండూ పోల్చి చూడడం మా పద్ధతి. ఒక్క తేడా రాలేదు. నా గర్వానికి పట్టపగ్గాల్లేవు.

నెల తర్వాత సారు పంజాగుట్టలో కొన్న మైసూర్‌పాక్ డబ్బాతో, చుట్టచుట్టిన గ్రాఫుతో వచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది. గ్రాఫు బల్ల మీద పరిచారు. గీత మొదట్లో నేల మీద పాకి, చివరి ఏళ్లలో నిలువునా పైకి లేచింది.

“ఇంత వేడెక్కిందని నేనూ అనుకోలేదమ్మా. వచ్చే శుక్రవారం పంపేస్తున్నాను. చివర్లో మీ అందరికీ కృతజ్ఞతలు కూడా రాశాను.”

మైసూర్‌పాక్ పంచుతూ అమ్మాయిలకు అక్కడి కబుర్లు చెప్పారు. థర్మామీటర్లు బయట తెల్ల చెక్కపెట్టెలో ఉంటాయట. తుఫాను వస్తే చెయ్యి చాపితే చెయ్యి కనపడదట. భవనానికీ పెట్టెకీ మధ్య కట్టిన తాడు పట్టుకుని వెళ్లాలి. చివరి ఏళ్లలో పెట్టెను ఇంకా దూరం జరిపారట.

“వెళ్లలేని రోజు గడి ఖాళీగా వదిలేసేవాళ్లం. నేనున్న ఏడు జూలైలో వరసగా మూడు రోజులు అలాగే వదిలేశాను” అన్నారు.

చేతిలో మైసూర్‌పాక్ బల్ల మీద పెట్టేశాను. ఖాళీ! ఆ మూడు గళ్లు నేనే కొట్టాను. సున్నా, సున్నా, సున్నా. మైనస్ ముప్ఫైల మధ్యలో సున్నా డిగ్రీలంటే అక్కడ ఎండాకాలమే. రెండోసారి కొట్టిన పిల్లకీ నేను నేర్పింది సున్నాయే గనక రెండూ ముచ్చటగా సరిపోయాయి. పెట్టె దూరమైన కొద్దీ ఖాళీలు పెరిగాయి, సున్నాలు పెరిగాయి, గీత లేచింది. మంచు తుఫాను రోజులన్నిటినీ మేం వెచ్చటి రోజులు చేసేశాం.

ఆయనకు చెప్పలేదు. గ్రాఫు చుట్టి చేతికిచ్చి పంపేశాను. ఈ సంగతి బయటపడితే సెంటర్ పేరు పోతుంది, సెంటర్ పేరు పోతే అన్న రాసిచ్చే కాగితం దేనికి పనికొస్తుంది? అంత నీచంగా ఆలోచించాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు అన్నకు చెప్పాను.

“ఎవ్వరికి ఎరుకైతది? సారు ఖుషీగున్నడు. ఇడిచిపెట్టు” అని కసిరాడు. గంట తర్వాత స్కూటర్ తాళాలు తీశాడు. “సున్న కొట్టుమన్నది నేను. తిట్లు సుత నేనే తింట. నడువ్.”

శ్రీనగర్ కాలనీలో సారు వరండాలోనే కూర్చుని ఉన్నారు. అన్న ఎండల కబుర్ల దగ్గరే తచ్చాడుతుంటే నేనే చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్లి రిజిస్టరు తెచ్చి, కళ్లజోడు తుడుచుకుని, జూలై పేజీ తెరిచి ఆ మూడు ఖాళీ గళ్ల మీద వేలు పెట్టారు.

“నేను చూసుకోవాల్సింది. నెలల సగటులు చూసి మురిసిపోయాను. ఒక్క రోజు కూడా తిప్పి చూడలేదు” అన్నారు. “ఎన్ని ఖాళీలున్నాయో వెతుకుదాం, రండి.”

మిగతా పనులన్నీ ఆపేసి, శుక్రవారంలోగా మొత్తం పని మళ్లీ చేశాం. ఖాళీని ఖాళీగా ఒప్పుకునేలా సాఫ్ట్‌వేర్ మార్పించాడు అన్న. సారు రోజూ వచ్చి నా పక్కన కూర్చుని పేజీలు తిప్పేవారు. ఆ జూలై పేజీ దగ్గరికి వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

“ఇది మీ దస్తూరీయే కదండీ? ముందు రోజు మైనస్ ముప్ఫై ఒకటి, తర్వాత మైనస్ ఇరవై తొమ్మిది. మధ్యలో ముప్ఫై అని వేసేస్తే పోయేది కదా సార్, ఎవరు చూడొచ్చారు?”

ఆయన కీబోర్డు వంక చూస్తూ అన్నారు. “నిజమే, దేవుడికి కూడా తెలిసేది కాదు. మొన్న వెళ్లలేకపోయామని చెప్పాను గానీ, మొదటి రోజు బయల్దేరానమ్మా. తాడు పట్టుకుని పది అడుగులు వేశాను. భయమేసింది. వెనక్కి వచ్చేశాను. తర్వాత రెండు రోజులూ తలుపు కూడా తీయలేదు. మిగతావాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది. కానీ చూడనిది చూశానని ఎలా రాస్తాను?”

శుక్రవారం గ్రాఫు మళ్లీ గీశారు. నిలువుగా లేచిన గీత కూలబడింది. వేడెక్కుతోందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం, ఇంకా ఎక్కువ ఏళ్ల లెక్కలు కావాలి. ఆయన ఆఖరి పేపరు అంతే చెప్పింది. మాకు కృతజ్ఞతలు మాత్రం అలాగే ఉంచారు. అది చదివి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆగస్టులో అన్న మాట నిలబెట్టుకుని లెటర్‌హెడ్ మీద మూడేళ్ల అనుభవం రాసి తెచ్చాడు. ఎనిమిది నెలలని మార్చి ఇవ్వమన్నాను.

“దిమాగ్ ఖరాబైందా? నడుమల గా రెండేండ్లకేం రాస్తవ్?”

“ఏం రాయను అన్నా.”

నన్ను ఎగాదిగా చూశాడు. సారు ఇంకా తీసుకెళ్లక గోడకానించి ఉన్న రెక్సిన్ సంచుల వంక చూశాడు. ఆ కాగితం చింపి, కొత్తది రాసిచ్చాడు.

ఎర్రమంజిల్ దగ్గర మొదటి ఇంటర్వ్యూ. ఒకావిడ నా రెజ్యూమె మీద పెన్ను ఆనించి, “మధ్యలో ఈ రెండేళ్లు ఏం చేశారు?” అంది. హాస్టల్ పిల్లలు నేర్పిన జవాబు నాలిక చివరే ఉంది.

“పరీక్ష తప్పానండి, రెండుసార్లు. సిగ్గేసి ఇంట్లో కూర్చున్నాను. ఏమీ చేయలేదు.”

ఆ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాతి రెండూ రాలేదు. నాలుగోది వచ్చింది. ఆ నాలుగు చోట్లా ఆ ప్రశ్న అడిగారు. నాలుగు చోట్లా తాడు పట్టుకుని పది అడుగులేసి వెనక్కి వచ్చిన మనిషే గుర్తొచ్చి, ఉన్నది ఉన్నట్టే చెప్పాను.