కోత పండుగ నాడు నన్ను పాడుకున్న అమ్మగారు

నా చిన్నప్పుడు పెద్దయ్యాక ఏమవుతావని నన్ను ఎవరూ అడగలేదు. నా సంగతి నేను పుట్టిన ఏడాదే తేలిపోయింది మరి. పాలు తాగే వయసులో నాకు జ్వరం వచ్చి కళ్ళు తేలేశానట. మా అమ్మ నన్ను చర్చికి ఎత్తుకెళ్ళి, ప్రార్థన బల్ల ముందు పడుకోబెట్టి, "బతికిస్తే దీన్ని నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని మొక్కుకుందట. నేను బతికాను. ఆ రోజు నుంచి మా ఊరి సంఘానికంతా నేను దేవుడికిచ్చిన పిల్లని.

దేవుడికిచ్చిన పిల్ల ఎలా ఉండాలో అందరికీ తెలుసు, నాకు తప్ప. మెల్లగా మాట్లాడాలి, పెద్దవాళ్ళు ఏదన్నా తలవంచుకోవాలి. నేనేమో బడిలో పంతులుగారితో, ఇంట్లో నాయనమ్మతో, చివరికి ఊళ్ళోకి వచ్చే ఉప్పు బండివాడితో కూడా వాదం పెట్టుకునేదాన్ని.

"ఇంత నోరున్నదాన్ని ఆయన మాత్రం ఏం చేసుకుంటాడే? తిరిగి పంపించేస్తాడు" అనేది నాయనమ్మ.

"పంపిస్తే వచ్చేస్తాలే, నాకు కాస్త అన్నం ఉంచు" అనేదాన్ని.

నాలుగో తరగతిలో ఉండగా నవ్వులాట కాస్తా నిజమైంది. వచ్చే ఏడాది నన్ను మిషను బోర్డింగులో వేస్తామని, అక్కడ చదివించి, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీని చేస్తారని అమ్మ చెప్పింది. చెప్తున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను మాత్రం కంచం ముందు నుంచి లేచి, "మొక్కుకుంది నువ్వు కదా, నువ్వే వెళ్ళు" అన్నాను. అమ్మ కొట్టలేదు. ఎంగిలి కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొట్టినా బాగుండేది.

ఆ వారంలోనే కల్లం మీద వాన పడింది. మిరపకాయలు కోసి, ఎండబెట్టి, ఇక నాలుగు ఎండలు కాస్తే బస్తాలకి ఎత్తుతారనగా పట్టపగలు మబ్బు కమ్ముకొచ్చింది. ఇంట్లో ఉన్న పట్టాలు, గోతాలు, అమ్మ చీరలు కూడా తెచ్చి కప్పాం. సగం కూడా చాలలేదు. తడిసిన కాయ తెల్లమచ్చలు పడి తాలు అయిపోయింది. తాలుకాయ కొనేవాడు దాన్ని చేతిలోకి తీసుకునే తీరే వేరు, మొహం పక్కకి తిప్పుకుని తీసుకుంటాడు. మా నాన్నది కౌలు చేను. వాన వెలిశాక ఆయన కల్లం గట్టు మీద కూర్చున్నాడు.

మేమందరం కూర్చుని మంచికాయ ఒకవైపు, తాలు ఒకవైపు ఏరుతున్నాం. నాయనమ్మ నా వైపు చూడకుండానే, "ఆయనకిస్తామన్నది ఇవ్వకపోతే ఆయన ఊరుకుంటాడా" అంది. ఎవరితో అందో అందరికీ తెలిసింది. ఎప్పుడూ లేనిది నేను తలవంచుకుని ఏరుతూ ఉండిపోయాను. తాలుకుప్ప మంచి కుప్ప కంటే పెద్దదవుతుంటే, అందులో ప్రతి కాయా నేను కంచం ముందు అన్న మాట వల్లే తెల్లబడిందనిపించింది. అమ్మ కళ్ళలోకి చూడలేకపోయాను.

తర్వాత కోత పండుగ వచ్చింది. మా సంఘంలో ఆ ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ పండినదానిలో మొదటిది చర్చికి తెస్తారు. మిరపకాయల గంప, పత్తి మూట, గుమ్మడికాయ, కోడిపెట్ట, ఏదుంటే అది. ఆరాధన అయ్యాక వాకిట్లో చాప మీద పెట్టి వేలం వేస్తారు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది. అమ్మ ఆ మంచి కుప్పలోంచి ఒక గంపకి సరిపడా నిగనిగలాడే కాయలు ఏరి, ముచ్చికలు కూడా ఊడకుండా సర్ది తెచ్చింది. దేవుడు ఎదురుచూస్తున్నది ఈ కాయల కోసం కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు, అయినా పాపం అమ్మ ఏరి తెచ్చింది. నేను లేచి వెళ్ళి, రెండు గుమ్మడికాయల్ని పక్కకి జరిపి, ఆ చాప మీద కూర్చున్నాను.

వేలం వేసే సంఘపెద్ద మహా హాస్యగాడు. నన్ను చూసి గట్టిగా నవ్వాడు.

"ఒరేయ్, ఈ గుమ్మడికాయ ఎవరిదిరా, చేతులు కాళ్ళు వచ్చాయి! పాడండయ్యా పాడండి! ఆగండాగండి, ఈ నోటిని పాడుకున్నవాళ్ళకి మనమే ఎదురు డబ్బులివ్వాలి!"

వాకిలంతా నవ్వింది. నేను లేవలేదు. "లేవే, సిగ్గు లేదూ" అని నాయనమ్మ రెక్క పట్టుకుంది. అప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "దేవుడు నన్ను తీసేసుకోవాలి. తీసుకుని మా నాన్న కాయల్ని మళ్ళీ ఎర్రగా చెయ్యాలి" అన్నాను. నవ్వులన్నీ ఆగిపోయాయి. నాయనమ్మ నా రెక్క వదిలేసింది. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాన్న లేచి ప్రహరీ అవతలికి వెళ్ళిపోయాడు.

"నేను పాడుకుంటున్నాను" అని ఒక గొంతు వినిపించింది. అది పాస్టరు గారి భార్యది, మేమందరం అమ్మగారని పిలిచేవాళ్ళం. ఎవరి మొహంలోకీ సూటిగా చూడలేని మనిషి. పదిమందిలో ఆవిడ నోటి వెంట వచ్చేది స్తోత్రం ఒక్కటే. అలాంటి మనిషి చాప దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "పాట అయిపోయింది, పిల్ల నాది" అంది.

ఆ రాత్రి వాళ్ళింట్లో పప్పన్నం తిని, ఇక తెల్లారితే నా చేతికి బైబిలిచ్చి పంపిస్తారనుకుని పడుకున్నాను. తెల్లారాక ఆవిడ మాత్రం నన్ను మిరపకోతలకి తీసుకెళ్ళింది. ఊరి చివర ఒక పెద్ద చేలో వలసకూలీలు కోత కోస్తున్నారు. మధ్యాహ్నం వాళ్ళు తిండికి కూర్చున్నప్పుడు ప్రార్థన చేయడానికి ఆవిడ వారానికోసారి వెళ్తుందట.

మేం వెళ్ళేసరికి వేపచెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. దాని తల్లి చేతులు వెనక్కి పెట్టుకుని పక్కనే నిలబడి ఉంది. కాయ కోసిన చేతులు మంట. ఆ చేత్తో బిడ్డని తాకితే దాని ఒళ్ళు, కళ్ళు మండిపోతాయి. కడుక్కోవాలి. నీళ్ళ కుండలేమో కోతల మేస్త్రీ దగ్గరున్నాయి. "తాగడానికే చాలటం లేదమ్మా, చేతులు కడుక్కోటానికి కాదు ఈ నీళ్ళు. సాయంత్రం దాకా ఓర్చుకో" అంటున్నాడు. ఆడవాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూస్తున్నారు. అమ్మగారు పెదవులు కదుపుతూ నిలబడింది. మాట బయటికి రావడం లేదు. నేను ఆవిడ మొహం చూశాను, ఉయ్యాల చూశాను.

"సాయంత్రం దాకా ఓర్చుకోమని ఆ పిల్లకి చెప్పవయ్యా, వింటుందేమో" అన్నాను.

మేస్త్రీ అటూ ఇటూ చూశాడు, ఎవరా అని.

"ఎవరే నువ్వు, వేలెడంత లేవు?"

"ఎవరినైతే ఏం? నువ్వు పొద్దున మొహం కడుక్కున్నావా లేదా? ఏ కుండలోంచి కడుక్కున్నావు? పొద్దున లేని కరువు ఇప్పుడొచ్చిందా? నీళ్ళు అయిపోతే కాలవకెళ్ళి నేను తెస్తాను, ముందు ఆ చెంబు ఇయ్యి!"

ఒక ముసలమ్మ పకపకా నవ్వింది. తర్వాత ఇంకొకామె. మేస్త్రీ చెంబు విసురుగా కింద పెట్టి, "కడుక్కో తల్లీ, కడుక్కో. ఈ గొంతు వినేకంటే నయం" అన్నాడు. ఆ అమ్మాయి బూడిద రాసుకుని రెండు మూడుసార్లు చేతులు కడుక్కుంది, కొంగుకి తుడుచుకుంది, బిడ్డని తీసుకుంది. ఏడుపు ఆగింది. అన్నమాట ప్రకారం నేను కాలవకి వెళ్ళాను. అమ్మగారు కూడా ఇంకో బిందె పట్టుకుని వచ్చింది.

గట్టు మీద వస్తూ ఆవిడ అంది, "పోయిన వారం కూడా ఆ బిడ్డ ఇలాగే ఏడ్చింది. నేను ప్రార్థన చేసి వచ్చేశాను. నాకు నోరు పెగలదమ్మా. వారమంతా ఆ ఏడుపే చెవుల్లో ఉంది. అందుకే నిన్న నిన్ను పాడుకున్నాను."

తర్వాత ఇంకో మాట అంది, వాదించేవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలిసినట్టు. "మొన్న వాన మీ కల్లం మీదే కురిసిందా?"

"కాదు, ఊరందరి మీదా."

"మరి ఊళ్ళో అందరి పిల్లలూ మొక్కుబడి తప్పారా?"

జీవితంలో నేను ఓడిపోయి సంతోషించిన వాదం అదొక్కటే. సాయంత్రం ఆవిడ నన్ను ఇంటికి తీసుకొచ్చి అమ్మతో, "మొక్కు చెల్లింది. దేవుడు ఈ పిల్ల నోరు తీసుకున్నాడు. పిల్ల మీ దగ్గరే ఉంటుంది" అంది. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. బోర్డింగు మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

అంత తేలిగ్గా బయటపడ్డానని అప్పుడు అనుకున్నాను. బోర్డింగుకి వెళ్ళి ఉంటే గంట కొట్టినప్పుడు లేచి, గంట కొట్టినప్పుడు పడుకుని నా సేవ నేను చేసేదాన్ని. ఈ నోటి సేవకి గంట లేదు. కాలేజీలో చదివాను, వాదన పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నాను, అత్తగారింట్లో నా మాటే నెగ్గించుకున్నాను, అపార్టుమెంటు మీటింగులో నన్ను చూస్తే సెక్రటరీ ఫోను తీసి చెవిన పెట్టుకుంటాడు. నా కోసం మాట్లాడాల్సి వస్తే ఒక్క క్షణం ఆలోచించను. ఇంకొకరి కోసం అనేసరికే లెక్కలొస్తాయి. మనకెందుకు, మనకేం తెలుసు, మన పని చెడుతుందేమో.

మొన్న బ్రాడీపేటలో ఒక క్లినిక్కులో కూర్చున్నాను. పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామె కౌంటరు దగ్గర నిలబడి ఉంది. పిలిచినప్పుడు పలకలేదు కనుక ఆవిడ వంతు పోయిందని, మళ్ళీ రేపు రమ్మని అక్కడి అమ్మాయి చెప్తోంది. "నాకు సరిగా ఇనపడదు తల్లీ, అదే సూపిచ్చుకోటానికొచ్చా" అంటోంది ఆవిడ. తర్వాతి వంతు నాది. లేస్తే నా వంతు ఆవిడకి ఇవ్వాల్సి వస్తుందని నాకు తెలుసు. చేతిలోని పత్రిక పేజీ తిప్పాను. ఆవిడ మెట్లు దిగిపోయాక లేచాను. పరుగెత్తుకుంటూ కిందికి వెళ్ళాను. వీధి నిండా ఆటోలు. ఆవిడ లేదు. పైకి వచ్చి కౌంటరు అమ్మాయిని పదిమందిలో కడిగేశాను. ఆ పిల్ల నిదానంగా, "ఇందాక ఇక్కడే కూర్చున్నారు కదండీ, అప్పుడే చెప్పొచ్చుగా" అంది.

మా చర్చి స్త్రీల సమాజంలో చిన్న వయసు అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, ఆంటీ, దేవుడు నన్ను దేనికి పెట్టాడో ఎలా తెలుస్తుంది అని. ఉపవాసాలుంటారు, గుర్తుల కోసం చూస్తారు. వాళ్ళని చూస్తే నాకు కొంచెం అసూయ. నాకు ఆ వెతుకులాట ఏనాడూ లేదు. నన్ను దేనికి పెట్టాడో తొమ్మిదేళ్ళప్పుడే తెలిసింది. తప్పించుకుని ఇంటికి వచ్చిన ప్రతి రోజూ మళ్ళీ తెలుస్తోంది.