అమ్మకు మరాఠీలో లేని పాపాలు

అమ్మ పాపాలు తెలుగులో ఉండేవి. షోలాపూర్ చర్చిలో ఫాదర్‌కు వచ్చిన భాషలు మరాఠీ, కొంకణి, ఇంగ్లీషు. మా ఇంటి చిక్కంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. లతీను (లాటిన్) పోయి చర్చిలో పూజ ప్రజల భాషలోకి వచ్చిందని చర్చి పత్రికల్లో పెద్దలు సంబరంగా రాసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఏ ప్రజలు, వాళ్ళది ఏ భాష అని అడిగినవాళ్ళు లేరు. అమ్మకు లతీనైనా మరాఠీ అయినా ఒకటే. లతీను నయం, అది చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా అర్థమయ్యేది కాదు గనుక అమ్మ ఒంటరి కాలేదు.

నాన్న నల్లగొండ వైపు నుంచి సాంచెల పనికి వచ్చి దాజీ పేట్‌లో స్థిరపడ్డాడు. కరెంటు మగ్గాలను మా వాళ్ళు సాంచెలంటారు. గల్లీ మొత్తం తెలంగాణ నేతవాళ్ళే, చర్చికి పోయే ఇల్లు మాత్రం మాదొక్కటే. అమ్మకు వచ్చింది కూరగాయల మరాఠీ. బేరమాడగలదు, తూకం తక్కువైందని దెప్పగలదు, పుచ్చు వంకాయ వెనక్కి ఇచ్చేయగలదు. ఆ మరాఠీతో దేవుడి దగ్గరికి ఎట్లా పోవాలి?

ఏటా తపస్సుకాలంలో, ఈస్టరు ముందు, పాపసంకీర్తనం చేయాలి, అంటే చాటున కూర్చున్న ఫాదర్‌కు పాపాలు చెప్పుకోవాలి. అమ్మ మోకరించి జాలీకి ఇవతలి నుంచి రెండు ముక్కలు చెప్పేది. రాగావలే, ఖోటం బోలలే. కోపం చేశాను, అబద్ధమాడాను. అంతే. ఒకసారి ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ అంది:

"మాటలున్న పాపాలు చెప్పిన. మాటలు లేనియి లోపల్నే ఉన్నయి."

అప్పుడు నేను బీఏ చదువుతున్నాను. వాదన నాకు అన్నంతో సమానం.

"చెప్పరాకుంటే దేవుడు అట్లనే మాఫ్ చేస్తడమ్మా. లేదంటే దుబాసిని పెట్టుకోవచ్చు, చర్చి చట్టంల ఉన్నది. నేను పక్కన కూసుంట. నువ్వు చెప్పు, నేను ఫాదర్‌కు మరాఠీల చెప్త."

అమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"అండ్ల నీ ముచ్చట గూడ ఉన్నది. నీ నోటితోనే చెప్పిపియ్యాల్నా?"

"నా ముచ్చటా? ఏంది?"

"నువ్వు ఫాదర్‌వా అడగనీకి?"

మా తెలుగు చర్చి లోకం నెలకొకసారి టపాలో వచ్చేది. హైదరాబాదు నుంచి ఒక క్యాథలిక్ మాసపత్రిక. అమ్మకు చదువు రాదు. మధ్యాహ్నం మా వాకిట్లో అయిదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేవరకు చేతులకు తీరిక లేదు, చెవులకు బోలెడంత. ఆ తీరికలో పత్రిక చదివి వినిపించే పని నాది. అమ్మ తప్ప అందరూ హిందువులే అయినా, పోపుగారు ఏ దేశం పోయారో, ఏ ఊళ్ళో కొత్త చర్చి లేచిందో శ్రద్ధగా వినేవారు. అందరికీ ఇష్టమైంది ప్రశ్నలు జవాబుల పేజీ. శుక్రవారం మాంసం వద్దు, చేప తినవచ్చు అని ఒక జవాబు చదివాను.

"చేపకు పానం లేదా?" అంది ఎదురింటి అత్త.

"దాని రక్తం చల్లగ ఉంటదట అత్తా."

"మీ మామ రక్తం గూడ చల్లగనే ఉంటది. శుక్రారం ఆయన్ని వండొచ్చన్నట్టు."

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున టీవీలో పురాణం వచ్చేది, సరిగ్గా మా పూజ వేళకు. గల్లీలో టీవీ సాంచెల యజమాని ఇంట్లో ఒక్కటే. అందరూ స్నానాలు చేసి అటు పోతుంటే అమ్మా నేనూ ఇటు చర్చికి. నా కాళ్ళు ఇటు, ప్రాణం అటు. సోమవారం అత్త ఆ కథంతా ఏడుపులతో సహా చెప్పేది. అమ్మ కూడా ముక్కు చీదుకుంటూ వినేది.

ఒక తపస్సుకాలపు సంచికలో ఒక ఫాదర్ వ్యాసం పడింది. విశ్వాసులు టీవీ పురాణాలు చూడరాదనీ, అవి అన్యుల కట్టుకథలనీ. చదవబోతూ తల ఎత్తాను. అత్త అప్పుడే వనవాసం చెప్పి కళ్ళు తుడుచుకుంటోంది. రెండు పుటలు కలిపి తిప్పేసి వంటల శీర్షిక అందుకున్నాను. ఎవరికీ తెలియలేదు. ఎంత మర్యాదస్తురాలినో అని నా మీద నాకే ముచ్చటేసింది.

ఈస్టరు అయిన వారానికి, అలమారులో పరచడానికి పాత పత్రికలు విడదీస్తుంటే ఆ పుట బయటపడింది. వ్యాసం కింద చిన్న ప్రకటన. గుల్బర్గా చర్చికి ఒక తెలుగు ఫాదర్ వస్తారు, మూడు రోజులు తెలుగులో పాపసంకీర్తనాలు వింటారు, షోలాపూర్ తెలుగువారు కూడా రావచ్చు. గుల్బర్గా మాకు రైల్లో రెండు గంటలు. ఆ మూడు రోజులూ గడిచిపోయి ఉన్నాయి.

దాచాను. ఆ పుటను అరలో బోర్లా పరచి పైన డబ్బాలు పెట్టాను. రెండు రోజులకు మించి నా వల్ల కాలేదు. మూడో మధ్యాహ్నం బీడీల దగ్గరే చెప్పేశాను. అమ్మ చేతిలో సగం చుట్టిన బీడీ విచ్చుకుని తంబాకు చాటలో రాలింది.

"చదువు," అంది.

మొత్తం చదివాను, కట్టుకథలతో సహా. ముందుగా నోరు విప్పింది అత్త.

"గిందుకా దాసినవ్? మేమేమన్న గాజుబుడ్లమా? ఆ ఫాదర్‌ను నాలుగు మాటలని, నవ్వుకొని, ఆకు కత్తిరిస్తుంటిమి. వదిన రైలెక్కుతుండె. నేనే తోల్కపోతుంటి."

"మీరు బాధపడ్తరని అత్తా..."

"మా బాధ మేం చూసుకుంటుంటిమి బిడ్డా. నడుమల నువ్వెవరు?"

అమ్మ తిట్టి ఉంటే నేనూ నాలుగు అని తేలికపడేదాన్ని. ఆమె రాలిన తంబాకు ఎత్తుకుని, కొత్త ఆకు తీసుకుని, "వచ్చే ఏడు మళ్ల వస్తడేమో," అంది.

అప్పటి నుంచి పత్రిక రాగానే ప్రకటనలతో మొదలుపెట్టించేది. కొవ్వొత్తులు, గంటలు, చనిపోయినవారి ఫోటోలు, అన్నీ చదివేదాన్ని. ఆ ఫాదర్ మళ్ళీ రాలేదు. తెలుగు ఫాదర్‌ను మళ్ళీ పంపరేమని నేను సంపాదకుడికి ఘాటుగా ఉత్తరం రాస్తే సగం కోసి అచ్చు వేసి, కింద "మీ ఆవేదన సహజమే" అని ముక్తాయించారు. సొంతూరికి మేం పోయేది పెండ్లికో చావుకో, అక్కడి చర్చికి ఫాదర్ వచ్చేది నెలకొకసారి. ఆ రెండూ ఏనాడూ కలవలేదు. సెలవుల్లో హైదరాబాదు తీసుకుపోతానని నేను అనేదాన్ని. ఉద్యోగం వచ్చింది, సెలవులూ వచ్చాయి. ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డం పడింది. పడనిచ్చాను.

తొంభైలలో అమ్మ ఆసుపత్రి పాలైంది. ఒక మధ్యాహ్నం ఫాదర్ రోగులకు నూనె పూసి ప్రార్థించే అభ్యంగనం ఇవ్వడానికి వచ్చాడు, గోవా వైపు కుర్రవాడు. ఏమైనా చెప్పుకుంటారా అని మరాఠీలో అడిగాడు. అమ్మ నావైపు తిరిగి, "నువ్వు బయటికి నడువు," అంది.

పరదా దాటి ఆగాను. లోపల అమ్మ తెలుగులో మొదలుపెట్టింది. జాలీ దగ్గరి నసుగుడు లేదు, వాకిట్లో ముచ్చట పెట్టినంత ధారగా. ఆ దరిదాపుల్లో ఆమె మాట తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. "మా బిడ్డ..." అన్నది వినబడింది. వెంటనే నడవా చివరికి, ఏమీ వినబడని చోటికి వెళ్ళిపోయాను.

చాలాసేపటికి ఫాదర్ వచ్చాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "మలా కాహీ కళలం నాహీ," నాకేమీ అర్థం కాలేదు, అన్నాడు తప్పు చేసినవాడిలాగా. "అర్థమైనా మీకు చెప్పకూడదనుకోండి."

లోపలికి వెళ్ళాను.

"ఆయనకు తెలుగు రాదమ్మా."

"చెప్పనీకి నాకొస్తది గద," అని కళ్ళు మూసుకుంది. అంత నిమ్మళంగా ఆమె ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు.

వారం తిరగకుండానే పోయింది. ఇన్నేళ్ళుగా దేవుడితో నా తగాదా ఒక్కటే. "మా బిడ్డ" తర్వాత ఆమె ఏం చెప్పిందో ఆయనకు తెలుసు, చెప్పడు. పరదా పక్కన ఇంకొక్క నిమిషం నిలబడి విని ఉంటే పాపమే అయ్యేది. ఆ ఒక్క పాపాన్ని నేను ఏ భాషలోనైనా, ఎంతమంది ఫాదర్ల ముందైనా చెప్పుకునేదాన్ని.