సారు ఎక్కని బస్సు

మా సోషల్ సారు పోయారు. పోయిన గురువారం పెనుకొండలో, మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఆ మాట వినగానే ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆయన కంటే ముందు పోవలసినవాడు ఒకడున్నాడు.

వాడు మా వైపు ప్రైవేటు బస్సుల ఓనరు, ఇప్పుడు నాయకుడు కూడా. నేను పదో తరగతిలో ఉండగా ఒకసారి ధర్మవరం నుంచి వస్తూ నేనూ మా అవ్వా వాడి బస్సులో ముందు సీట్లో కూర్చున్నాం. మగ్గం నేసి నేసి అవ్వ నడుము వంగిపోయింది. వాడు ఎక్కి, "ముందు సీట్లు మావాళ్ళకు. లే అవ్వా, ఎనక్కి పో" అన్నాడు. అవ్వ లేచింది. అదే బస్సులో ఉన్న సారు కూడా లేచి, డ్రైవరుతో "ఆపప్పా" అని, మమ్మల్ని వెంటబెట్టుకుని దారిలోనే దిగిపోయారు. వాడికది తలవంపులైంది. వేసవి గడిచేలోగా సారును ఎక్కడో కర్ణాటక సరిహద్దులో ఉన్న అగళికి బదిలీ చేయించాడు.

మీలో ఆయన దగ్గర చదివినవాళ్ళుంటే అలబామా పాఠం మరచిపోయి ఉండరు. "అమెరికాలో అదొక రాష్ట్రం. ఆడ గూడా మన మాదిరే శెనక్కాయలు పండిస్తారు, ఉడకబెట్టుకోని తింటారు" అని మొదలుపెట్టేవారు. తర్వాత గొంతు మారేది. అక్కడి బస్సుల్లో తెల్లవాళ్ళకు సీట్లు చాలకపోతే నల్లవాళ్ళు లేవాలట. ఓటరుగా పేరు రాయించుకోబోతే చిక్కు ప్రశ్నలడిగి తిప్పి పంపేవారట. ఒకరోజు బస్సులో ఒకామె సీట్లోంచి లేవనంది. దాంతో ఆ నగరంలో నల్లవాళ్ళు బస్సెక్కడమే మానేశారు. ఇళ్ళల్లో వంటపని చేసే ఆడవాళ్ళు ఏడాది పైగా నడిచారు, తమను ఎక్కించుకునే కార్లవాళ్ళ పెట్రోలు ఖర్చుకు కేకులు చేసి అమ్మారు. "కోపం నోట్లో పెట్టుకుంటే అరుపై పోతాది. కాళ్ళల్లో పెట్టుకోండి" అనేవారు సారు.

ఆయన అట్లాగే పెట్టుకున్నారు. అగళికి ఎన్ని బస్సులు మారవలసి వచ్చినా వాడి బస్సు ఎక్కలేదు. ఎండలో నిలబడ్డ ఆయన ముందు అది ఆగితే, గొడుగు తెరిచి అటు తిరిగేవారు. నేనూ ఇంతవరకూ ఎక్కలేదు, ఎక్కను.

ఎన్నికలు దగ్గరికొచ్చాయి కదా, సాగనంపే రోజున వాడికి సారు గుర్తొచ్చారు. ఊరి బయట అంత్యక్రియలు జరిగే సారు చేను దాకా జనాన్ని ఉచితంగా తీసుకుపోతానని, తన ఫొటో ఉన్న బ్యానరు కట్టిన బస్సులో తానే కూర్చుని వచ్చాడు. ఎండ మండుతోంది. ముసలివాళ్ళు బస్సు మెట్ల వైపు చూస్తున్నారు. ఎక్కుతారేమోననిపించింది. అప్పుడు సారు భార్య, ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, "సారు ఎక్కని బస్సు మనమెట్ల ఎక్కేదప్పా? నేనైతే నడుచుకుంటా పోతాండా" అంది. మెట్టు మీద కాలు పెట్టిన పెద్దాయన ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అందరి ముందూ వెనక్కి పోలేక వాడూ మా వెంటే వచ్చాడు. ఇరుకు దారి. ముందు పాడె, వెనక జనం, ఆ వెనక బస్సు. దాటిపోవడానికి లేదు, తిప్పుకోవడానికి చోటు లేదు. నేను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాను, చూసినప్పుడల్లా కడుపు చల్లబడింది. మా నడకకు తగ్గట్టు బస్సు ఈడ్చుకుంటూ వస్తోంది. సీట్లన్నీ ఖాళీ. ముందు సీట్లో వాడొక్కడే.