కత్తెరమ్మ లాప్‌టాప్ విప్పిన ఆదివారం

మా వదిన అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆవిడ కత్తెరమ్మే. మా ఆయనకు అక్క. బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లుగా ప్యాటర్న్ గదిలో పని. చొక్కా గానీ కోటు గానీ మిషన్ మీదకు వెళ్లే ముందు దాని ముక్కలన్నీ అట్ట మీద గీసి, కత్తిరించి ఇవ్వాలి. ఆ అట్టలో వెంట్రుకంత తేడా వస్తే వెయ్యి చొక్కాలు వంకరపోతాయి. ఆ అలవాటు వల్లే కాబోలు, మా గోడ మీద క్యాలెండర్ కాస్త పక్కకు ఒరిగినా ఆవిడకు ముద్ద దిగదు.

మా ఆయన పోయాక, నన్ను ఒక్కదాన్నే ఉండనివ్వనని మూటాముల్లె సర్దుకుని నా దగ్గరికే వచ్చేసింది. ఏడాదిన్నర కావస్తోంది. ఆవిడ మాట్లాడుతుంది, నేను వింటాను. ఇల్లు అలా నడుస్తోంది.

ఈ మధ్య ఫ్యాక్టరీలో అట్టలు మానేసి అంతా కంప్యూటర్ మీదే గీయాలన్నారు. గదిలో మనుషులు పదకొండుమంది, కంప్యూటర్లు రెండు. మూడు వారాలు వంతులవారీగా నేర్పి, చివరికి పరీక్ష పెట్టారు. అస్తరుతో సహా ఒక కోటు, ఏడు సైజుల్లో గీసి సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి చూపించాలి. చూపించినవాళ్లు ఆ గదిలోనే ఉంటారు. చూపించలేనివాళ్లు ప్యాకింగ్‌లో చొక్కాలు మడతపెట్టే బల్ల దగ్గరికి పోవాలి.

"యాభై నాలుగేళ్లొచ్చాక నన్ను మడతలు పెట్టమంటారటే!" అంది వదిన. "నేను గీసిన చొక్కాని నేనే మడిచి డబ్బాలో పెట్టాలా? అంతకన్నా నన్నే మడిచి పెట్టమను."

ఇంట్లో ఉన్నది ఆయన లాప్‌టాప్ ఒక్కటే. వదిన అడగలేక అడిగింది. బీరువా పై అరలోంచి తీసి ఇచ్చాను. తొమ్మిదేళ్ల నాటిది. కొన్ని మీటల మీద అక్షరాలు ఆయన వేళ్లకు అరిగిపోయి ఉన్నాయి. వదిన ఫ్యాక్టరీవాళ్లిచ్చిన ప్రోగ్రాం అందులో ఎక్కించి, శనివారం మధ్యాహ్నం కూర్చుని కోటు వీపు ముక్క గీసింది, ముందు ముక్కలు గీసింది. మూడో సైజుకు వచ్చేసరికి తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. నేను గిన్నెలన్నీ తోమి వచ్చేదాకా తిరుగుతూనే ఉంది.

"అచ్చం మా తమ్ముడే" అంది వదిన. "ఒక పని చెబితే చేస్తాడు, రెండోది చెబితే చతికిలబడతాడు."

నాకు నవ్వొచ్చింది. ఆయన గురించి నవ్వి ఎన్నాళ్లయిందో!

వీధి చివర రిపేరు షాపతను చూసి, "జబ్బేం లేదమ్మా, మెమరీ చాలట్లేదు. నాలుగు జీబీయే ఉంది. పక్కన ఇంకోటి పెట్టుకోడానికి ఖాళీ ఉంటుంది, ఎనిమిదిది వేస్తే పరిగెడుతుంది. కాకపోతే నా చేతిలో చాలా పనుంది, మంగళవారం రండి" అన్నాడు.

"మంగళవారానికి నేను మడతల్లో ఉంటాను నాయనా. ఆ ముక్కేదో ఇచ్చెయ్, మేమే వేసుకుంటాం."

"మీరా?"

"ముప్పై ఏళ్లుగా ముక్కకు ముక్క కలపడమే కదా నా పని!"

దారిలో నాకు అర్థమయ్యేలా చెప్పింది. "బల్ల పెద్దదైతే ముక్కలన్నీ ఒకేసారి పరుచుకుంటాం. దీని బల్ల చిన్నది. కొత్త ముక్క పరవాలంటే పాతది తీసి అవతల పెట్టి రావాలి. అదీ ఆ చక్రం సంగతి. మనం వేసేది బల్లకు ఇంకో బల్ల."

ఆదివారం పొద్దున్నే భోజనాల బల్ల తుడిచి ఇచ్చాను. వదిన పాలిస్టర్ చీర మార్చి నూలు చీర కట్టుకుంది. నైలాన్ గుడ్డ కోసేటప్పుడు చిటపటలాడే నిప్పురవ్వలుంటాయే, అవి తగిలితే ఈ ముక్క చస్తుందట. ఒంట్లో ఉన్న రవ్వలు పోవాలని, వెళ్లి ఇనప కుళాయిని ఓసారి ముట్టుకుని మరీ వచ్చింది. తర్వాత ఒక కాగితం మీద లాప్‌టాప్ అడుగుభాగాన్ని కోటు ముక్క గీసినట్టే గీసింది. ఊడదీసిన ప్రతి మరనూ అది ఎక్కడిదో ఆ చోటే కాగితంలో గుచ్చింది. పదకొండు మరలు. మూత లేచింది. బ్యాటరీ తీగ ఊడదీసింది. లోపల ఫ్యాన్ నిండా దుమ్ము. ఆయన గడ్డం బ్రష్ తెచ్చి నేను మెల్లగా దులిపాను. నాకు లోలోపల ఏదో పండగలా ఉంది.

కొత్త ముక్క పట్టుకుని వదిన ఆగిపోయింది.

"గాటు కలవట్లేదే మరదలా."

అట్ట ముక్కల అంచున గాట్లు పెడతారు. చెయ్యి గాటు, భుజం గాటు కలిస్తేనే కుట్టాలి. మెమరీ ముక్కకూ అంచున అలాంటి గాటే ఉంది. పాతదాని గాటు ఒక చోట, కొత్తదాని గాటు ఇంకో చోట. వదిన రెండింటినీ కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసింది. ఇద్దరం పరుగు. షాపతను షట్టర్ సగం దించేశాడు.

"సరిగ్గా పెట్టి ఉండరమ్మా" అన్నాడు.

వదిన కాగితం చాపింది. "గాటు చూడు నాయనా. కలవని గాటును బలవంతంగా కుడితే ఏమవుతుంది? చెయ్యి వీపుకొస్తుంది."

అతను కాగితం వంకా వదిన వంకా చూసి నాలుక కరుచుకున్నాడు. కొత్త రకం ముక్క ఇచ్చేశాడట, మాది పాత రకం. మార్చి ఇచ్చి షట్టర్ దించేసి వెళ్లిపోయాడు.

ఈసారి గాటు అతికినట్టు కలిసింది. బ్యాటరీ తగిలించి మీట నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. లాప్‌టాప్ కీమని మూడుసార్లు అరిచి ఊరుకుంది. మళ్లీ నొక్కితే మళ్లీ మూడు అరుపులు.

వదిన మొహం పాలిపోయింది. "అయిపోయిందే. కోటూ లేదు, మిషనూ లేదు. వాడి వస్తువు నా చేత్తో నేనే పాడుచేశాను."

షాపు మూసేశారు. సోమవారం పొద్దున్న ఎనిమిది గంటలు నా కళ్లముందే నిలబడ్డట్టయింది. ఏం చేయాలో తోచక లోపలికి వంగి చూశాను. పాత ముక్క అంచున బంగారు రంగు పళ్లు బొత్తిగా కనబడటం లేదు. కొత్తదానికి మాత్రం దారప్పోగంత మెరుస్తోంది.

"వదినా, ఇది పూర్తిగా దిగలేదు."

"దింపానే! ఇంకా నొక్కితే?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడ చెయ్యి గుడ్డ మీద పెరిగిన చెయ్యి. గుడ్డను నొక్కితే సాగుతుంది, సాగితే కొలత పోతుంది. ముప్పై ఏళ్లలో ఆ చెయ్యి దేన్నీ గట్టిగా అదిమి ఎరగదు.

"ఇది గుడ్డ కాదు కదా వదినా, సాగదు. ముందు బ్యాటరీ తీయండి. ఇలా ఇవ్వండి."

నేను ఎవరినీ అలా ఆజ్ఞాపించి ఎరగను. వదిన బ్యాటరీ తీగ ఊడదీసి పక్కకు జరిగింది. ముక్కను కాస్త ఏటవాలుగా పెట్టి రెండు బొటనవేళ్లతో లోపలికి నెట్టాను. డబ్బా మూతలు బిగించిన వేళ్లు నావి. పళ్లు కనబడకుండా దిగింది. కిందికి వంచాను. టక్, టక్! రెండు పక్కలా కొక్కేలు పట్టేశాయి.

బ్యాటరీ తగిలించి మీట నొక్కితే తెర వెలిగింది. వదిన ఎక్కడో నొక్కి చూపించింది. పాత నాలుగూ కొత్త ఎనిమిదీ కలిసి పన్నెండు!

"పన్నెండే! పన్నెండు!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. మూత బిగించేదాకా కూడా ఆగలేదు. సాయంత్రానికి ఏడు సైజులూ ఒకదాని చుట్టూ ఒకటి, చెరువులో రాయేస్తే లేచే అలల్లా తెర నిండా పరుచుకున్నాయి. చక్రం జాడే లేదు. నేను పక్కనే కూర్చుని కళ్లార్పకుండా చూశాను.

సోమవారం సాయంత్రం చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి కేకేసింది. "ఏమే! ఏడూ చూసి, అందరి ముందూ ఎనిమిదో సైజు కూడా గీయమన్నారు. గీశాను! ఆ గది వదలక్కర్లేదట!"

నేను ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియదు. పక్కింటి పిన్నిగారు, ఏం కొంప మునిగిందోనని పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు.

"ఏం లేదండీ, మా వదిన కోటు గీసింది" అన్నాను.