కారులో వెళ్ళిన పాట

ఆ కారు మా ఊళ్ళోకి తనంతట తాను రాలేదు. మా ఎద్దులు లాక్కొచ్చాయి. చిట్టమూరు దాటి సముద్రం వైపు వచ్చే మట్టిదారి కార్తీకం వానలకు ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కాలువ దగ్గర కారు వెనక చక్రాలు రెండూ ఇరుసు దాకా దిగబడ్డాయి. లోపలి మనిషి హారన్ మోగిస్తూ కూర్చున్నాడు. మోగిస్తే బురద తప్పుకుంటుందనుకున్నాడో ఏమో. ఆ మోత భరించలేక మా నాయన ఎద్దులు తోలుకుపోయాడు.

"ఇది దినానికి ఎంత గడ్డి తింటాదన్నా?" అని మా పాలేరు కారు తోలే ఆయన్ని అడిగాడట.

"గడ్డి కాదయ్యా, పెట్రోలు."

"అదీ సంగతి. అందుకే బలం చాల్లా."

బండి దిగబడితే బండివాడు దూకి చక్రానికి భుజం పెడతాడని, కారు దిగబడితే కారాయన లోపలే కూర్చుని ఊరి మీద కేకలేస్తాడని నాయన ఆ రోజంతా వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పాడు. నాకు కార్ల మీద పెద్దగా అభిప్రాయం లేదు. అప్పటి నా డైరీలో చిరాకులన్నీ పంచాయతీ రేడియో గురించే. ఊరికి కరెంటు రాలేదు కాని గూడూరు నుంచి తెచ్చిన బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి వచ్చింది. దాని గొట్టాన్ని స్తంభం మీద కట్టారు. నేను వారపత్రిక తీసుకుని పెరటి అరుగు మీద కూర్చునే వేళకే అది మొదలయ్యేది. ఎరువుల సంగతి, పురుగుల సంగతి, మధ్యలో గరగర. కథలో ఎవరో కన్నీళ్ళు పెట్టుకుంటూ ఉంటే చెవిలో సుడిదోమ నివారణ వినిపించేది. అప్పటికి దాని వల్ల నాకున్న బాధ అంతే.

కారులో వచ్చింది ఇద్దరు. ఒకరు తోలే ఆయన. రెండో ఆయన కళ్ళద్దాల మనిషి, పట్నంలో పాటలు పోగు చేసే పనిలో ఉన్నాడు. ట్రంకు పెట్టెంత టేపు యంత్రం ఆయన ఒళ్ళోనే ఉంది. దారి ఆరేదాకా కదిలే వీలు లేదు కాబట్టి మా ఇంట్లోనే భోజనం చేశాడు. చేస్తూ, మీ వైపు నాట్లలో ఆడవాళ్ళు ఏవో పాటలు పాడతారట కదా అని అడిగాడు. నాయన పాటక్కకు కబురు పంపాడు.

పాటక్క అంటే నాట్లలో పాట ఎత్తే మనిషి. ఆమె ఎత్తితే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆమె ముఠా అంతా మా పెదనాయన పొలాల్లోనే పని చేసేది. ఆమె గుడిసె కూడా పెదనాయన కళ్ళం పక్కన ఆయన చోటులోనే ఉండేది. భర్త లేడు. ఒక కూతురు. ఆయన వద్దన్న రోజున ఆమెకు పనీ లేదు, ఇల్లూ లేదు.

ఇక్కడ నాట్ల చివరి రోజు సంగతి చెప్పాలి. మా వైపు వరి మళ్ళను కయ్యలంటారు, గట్టును గెనిమ అంటారు. ఆఖరి కయ్య నాటేటప్పుడు ఆసామి వచ్చి గట్టు మీద నిలబడాలి. పాట ఎత్తే మనిషి బురద చేతులతోనే నారుపరక ఒకటి మెలిపెట్టి ఆయన చేతికర్రకు కడుతుంది. అది ఉన్నంతసేపూ ఆయన కర్ర ఎత్తకూడదు, కోపం తెచ్చుకోకూడదు. ఆడవాళ్ళు ఆయన మీదే పాట కడతారు. పాట అయ్యాక పరక విప్పుతారు, ఆయన బెల్లం, తాంబూలం ఇస్తాడు. కాళ్ళు కడుక్కుని గట్టెక్కాక ఆ పాట ఊసు ఎవరూ ఎత్తరు. మా పెదనాయన పేరు చెబితే పసిపిల్లలు ఏడుపు ఆపేవారు. అటువంటి ఆయన కూడా ఆ కాసేపు మీసం కింద నవ్వు దాచుకుంటూ నిలబడేవాడు.

పాటక్క ముఠాతో వచ్చేసరికి కారు ముందు మూత ఎత్తి ఉంది. దాని బ్యాటరీకి తీగలు తగిలించి, ఇంకో పెట్టె మీదుగా యంత్రానికి కలిపారు. పెదనాయన ఆ రోజు ఊళ్ళో లేడు, నిమ్మకాయల బేరం మీద గూడూరు వెళ్ళాడు. ఆడవాళ్ళు దూరంగా నిలబడి మొదట దేవుడి పాట పాడారు. కళ్ళద్దాల ఆయన ఏదో నొక్కాడు. చక్రాలు వెనక్కి తిరిగాయి. మళ్ళీ నొక్కాడు. పాటక్క గొంతు పెట్టెలోంచి వచ్చింది, మధ్యలో మా పెయ్య అరిచిన అరుపుతో సహా. కూతురు ఆమె కొంగు గట్టిగా పట్టుకుంది. పాటక్క మాత్రం పెట్టెకేసి చాలాసేపు చూసి, "మర్యాదస్తురాలే. తీసుకున్నది తిరిగిచ్చేసింది" అంది. అందరూ నవ్వారు.

"ఇది కాదమ్మా, కయ్యలో నిజంగా పాడేది కావాలి" అన్నాడు ఆయన.

"అది కయ్యలోదే సామీ. గెనిమెక్కినాక పాడం."

"ఇక్కడ వినేదెవరు? ఈ పెట్టేగా."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె అంది, "పాడక్కా. ఎట్టా ఇచ్చేస్తాది గదా." వాకిట్లో నాలుగు కుండల నీళ్ళు పోయించుకుని, ఆ బురదలో దిగి నిలబడి మరీ పాడారు. కట్టడానికి చేతికర్ర ఒకటే లేదు.

మారాజు మజ్జిగలో మీగడేదమ్మా,
పైనెగిరే కొంగమ్మ నీడుందమ్మా.
మారాజు మానికకు అడుగేడుందమ్మా,
నోటికాడికొచ్చి కూచున్నాదమ్మా.

మజ్జిగ పలచన అంటే పెదనాయన నవ్వుతాడు. కూలి గింజలు కొలిచే మానికకు అడుగు పైకి జరిగిందన్న మాట, అంటే కొలతలో మోసమన్న మాట, వేరు. కయ్యలో దానికీ నవ్వేవాడు. బయట ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు. యంత్రం పాటంతా తిరిగి వినిపించాక పాటక్క చేతులు దులుపుకుని, "చాలు సామీ, లెక్క సరిపోయినాది" అని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు కారు కదిలే ముందు కళ్ళద్దాల ఆయన నన్ను మంచినీళ్ళు అడిగాడు. చెంబు అందుకుంటూ, "మాఘమాసంలో ఎప్పుడైనా సాయంత్రం రేడియోలో వస్తుందమ్మా, మీ ఊరి పేరు కూడా చెప్పిస్తాను" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. వద్దని చెప్పాలని నోరు తెరిచాను. కొత్తవాళ్ళతో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆయన చెంబు తిరిగిచ్చి కారెక్కాడు.

ఆ పొద్దున్నే పాటక్క మా పశువుల కొట్టం ఊడవడానికి వచ్చింది. చెప్పాను. పాట రేడియోకు పోయిందంటే ఆమె నమ్మలేదు.

"ఇచ్చేసింది గదమ్మా, నా చెవులతో విన్నా."

"ఇచ్చింది. దాని దగ్గరా ఉంది. నేను పుస్తకం చూసి రాసుకుంటే పుస్తకంలో అక్షరాలు పోతాయా? అట్లా."

ఆమె చీపురు గోడకు ఆనించింది. "మీ పెదనాయన వింటాడా?"

రేడియో పెట్టె తాళం ఉండేది పెదనాయన దగ్గరే. రోజూ సాయంత్రం పంచాయతీ అరుగు మీద కుర్చీ వేసుకుని, చేతికర్ర ముందు ఆనించుకుని, పొలం కబుర్లు ఆయన వింటాడు, ఊరు ఆయన్ని చూస్తుంది.

"మా పాట మేం అడక్కుండా ఎట్ట ఏస్తారు? అడిగేవోళ్ళు లేరా?"

పుస్తకాల్లో మొదటి పేజీ వెనక, సర్వహక్కులూ రచయితవి అని అచ్చు వేస్తారని, అది ఉంటే అడక్కుండా వాడుకోకూడదని చెప్పాను. నాకు తెలిసింది అంతవరకే.

"మరి దీనికి ఎవురూ ఎయ్యలేదే?"

"ఎక్కడ వేస్తారక్కా?"

"అదీ నిజమే. పాటకు ఈపు యాడుంది," అని ఆమె మళ్ళీ చీపురు తీసుకుంది. కాసేపటికి అటు తిరిగే అంది: "ఆ కళ్ళం పక్క చోటు పోతే నేను యాడికి పోవాల్నో చెప్పమ్మా. ఆడపిల్లను పెట్టుకోని."

మాఘం వచ్చింది. కోతలు మొదలయ్యాయి. నేను పుస్తకం తెరవడం మానేశాను. గొట్టం గరగర మొదలవగానే చేతిలో పని ఆపి వినేదాన్ని. సూపర్ ఫాస్ఫేటు ఎంత వెయ్యాలో చెబుతుంటే ప్రాణం కుదుటపడేది. ఎప్పుడైనా ఆడగొంతు వినిపించిందంటే వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. బ్యాటరీ అయిపోతే బాగుండునని, గాలివాన వచ్చి స్తంభం పడిపోతే బాగుండునని, కోతల కాలంలో ఏ రైతు బిడ్డా కోరుకోకూడనిది కోరుకున్నాను. పెదనాయన ఇంటికి మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా కొయ్యకు వేలాడే రేడియో తాళంచెవిని చూసేదాన్ని. ఆయన దగ్గితే చాలు, గిన్నె అక్కడ పెట్టి వచ్చేసేదాన్ని.

పాటక్క రోజూ సాయంత్రం పంచాయతీ స్తంభం దగ్గరికి రావడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ వచ్చింది కాదు. పని నుంచి నేరుగా వచ్చి చివర కూర్చునేది. నడుముకు దోపిన కొంగులోంచి నాలుగు వరి వెన్నులు కనబడేవి. కళ్ళంలో ఏరుకున్నవనుకున్నాను.

ఆ రోజు అమ్మ నన్ను నాయన్ని పిలుచుకు రమ్మంది. అరుగు కిందకు వెళ్ళేసరికి పంది ఎరువు గురించి ఏదో అయిపోయి, "ఇప్పుడు నెల్లూరు జిల్లా నాట్ల పాట వినండి" అని మా ఊరి పేరు చెప్పారు. జనం ఒక్కసారి కదిలారు, మన ఊరే, మన ఊరే అని. పెదనాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. ఆయన మొహంలో గర్వం కనిపించింది. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

పాటక్క గొంతు గొట్టంలోంచి ఊరంతా పరుచుకుంది. మజ్జిగ మాట రాగానే నవ్వబోయినవాళ్ళు పెదనాయన వైపు చూసి నోరు మూసుకున్నారు. ఆయన చెయ్యి కర్ర మీద బిగిసింది.

అప్పుడు వెనక నుంచి పాటక్క లేచింది. పరుగెత్తలేదు, ఆగలేదు. అరుగు మెట్ల దగ్గరికి వెళ్ళి, కొంగులోంచి వరి వెన్నులు తీసి, మెలిపెట్టి, ఆయన కర్రకు కట్టింది. నారు దొరికే కాలం కాదుగా. కట్టి, తల వంచుకుని, పక్కన నిలబడింది. పైన ఆమె గొంతే మానిక అడుగు గురించి పాడుతోంది. కింద ఆమె పెదవి కదలలేదు.

పెదనాయన పరకకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. కర్ర ఎత్తలేదు.

పాట అయిపోయింది. ఎవరో ధాన్యం ధరలు చదువుతున్నారు. పాటక్క వంగి ముడి విప్పింది.

"బెల్లం తెండిరా మా ఇంట్లోంచి" అన్నాడు పెదనాయన.

అందరూ ఊపిరి వదిలారు. నాయన కూడా. ఆమె చేతులు చాపి బెల్లం అందుకుంటుంటే ఆయన వంగి నెమ్మదిగా అడిగాడు. నేను మెట్టు పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది.

"ఈడున్నోళ్ళకి పరక కనబడినాది. గూడూరులో విన్నోళ్ళకి కనబడినాదా?"

"లేదయ్యా."

"ఎంకటాచలంలో మా వియ్యంకుడి ఊళ్ళో?"

"లేదయ్యా."

"సరే, పో."

ఆయన లోపలికి వెళ్ళి రేడియోకు తాళం వేశాడు.

ఆ తర్వాత రోజులు అంతకుముందు రోజుల కంటే కష్టంగా గడిచాయి. పొద్దున్నే వాకిట్లోకి రాగానే కళ్ళం వైపు చూసేదాన్ని, గుడిసె మీద పొగ లేస్తోందా అని. లేస్తూనే ఉంది. చైత్రంలో లేచింది, రోహిణి కార్తెలో లేచింది. పెదనాయన ఏమీ అనలేదు. గూడూరులో ఎవరో నవ్వారని, ఆయన సంత మధ్యలోంచి లేచి వచ్చేశాడని నాయన అమ్మతో చెబుతుంటే విన్నాను. అయినా ఆయన ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే పాటక్కకు నిద్ర లేకుండా చేసింది. గుడిసె మీద కొత్త తాటాకు కప్పించుకోవడానికి కూడా ఆమె జంకింది. రేపు గుడిసె తీసేయమంటే ఆ ఖర్చు దండగ అని.

మళ్ళీ వానలు పడ్డాయి. పెదనాయన పాటక్క ముఠానే పిలిపించాడు. మొలగొలుకుల వరి నారు పీకారు, నాటారు. ఆఖరి కయ్య రోజు నేను అన్నం గంప మోసుకెళ్ళిన వాళ్ళతో వెళ్ళాను. పెదనాయన గట్టు మీద నిలబడి, పక్కవాడి చేతిలో బెల్లం పొట్లం పెట్టుకుని, కర్ర ముందుకు చాపాడు. పాటక్క బురదలోంచి వచ్చి నారుపరక కట్టింది. వెనక్కి వెళ్ళి మునుం వరసలో తన చోట నిలబడి పాట ఎత్తింది.

దేవుడి పాట. పెట్టె ముందు మొదట పాడింది.

ఆడవాళ్ళు అందుకున్నారు. పెదనాయన విన్నాడు. అది అయిపోయాక ఆమె వచ్చి ముడి మీద చెయ్యి వేసింది.

"అంతేనా?" అన్నాడు ఆయన.

"అంతేనయ్యా."

"ఇంకోటుండాల గదా."

ఆమె ముడి విప్పుతూ, కర్ర చివరి బురద కొంగుతో తుడుస్తూ అంది. "అది కారెక్కి పోయినాదయ్యా. మళ్ళా రాలా."

పరక లేదు కాబట్టి పెదనాయన కర్ర ఎత్తి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. బెల్లం పొట్లం విప్పి తానే ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళు కొంగు పట్టి తీసుకున్నారు కాని ఒక్కరూ తల ఎత్తి ఆయన మొహం చూడలేదు. అంతకుముందు ఏళ్ళలో చూసేవారు, చూసి నవ్వేవారు కూడా.

మేం తిరిగి వస్తుంటే కళ్ళం పక్క గుడిసె మీద పాటక్క కూతురు, ఎవరో కింద నుంచి అందిస్తుంటే, కొత్త తాటాకు పరుస్తోంది.