ఎలుకలకు నేను ఎంచిన అద్దాల పెట్టె

ఆ పొద్దు మా ఇంట్లో గృహ ప్రార్థన. వచ్చేవాళ్ల కంట పడకూడదని, మా ఆవిడ పెంచుకుంటున్న రెండు తెల్ల ఎలుకలను అద్దాల పెట్టెతో సహా మిద్దె మీది రేకుల గదిలో దాచింది నేనే. అది ఏప్రిల్. కర్నూలు ఎండ ఎట్లుంటుందో తెలియనివాణ్ణి కాను.

నా తప్పు అంతకు నెల ముందే మొదలైంది. మాకు పిల్లల్లేరు. పక్కింటి అమ్మాయి ఊరు మారుతూ ఆ ఎలుకలను మా ఆవిడకు ఇచ్చిపోయింది. పంజరం కోసం ఇద్దరం అంగడికి పోయాం.

"ఎలకలకైతే కమ్మీల పంజరం తీస్కపో అప్పా. గాలాడాల" అన్నాడు అంగడాయన. "అడుగున మాత్రం జల్లెడ మాదిరి వద్దు, కాళ్లు పుండ్లు పడతాయి."

ఆమె ఒక్కో పంజరం ముందు వంగి, కమ్మీల సందుల్లో వేలు పెట్టి చూస్తోంది. చేపల కోసం అమ్మే అద్దాల పెట్టె దగ్గరే నేను నిలబడ్డాను. వాసన రాదు, చప్పుడు రాదు. నా ఆలోచన అంతే.

"అవేమన్నా చాపలా ఏమయ్యా?" అంది.

"ఇంటికొచ్చే సంఘమోళ్లు ఏమనుకుంటారు?"

"వాళ్లిండ్లల్లో ఎలకలు లేవా? వాళ్లు చెప్పకుండా పెంచుతాండారు, మనం చెప్పి పెంచుతాం."

అంగడాయన పకపకా నవ్వాడు. నాకు రోషమొచ్చింది. అద్దాల పెట్టే కొన్నాను.

ప్రార్థన రోజు ఆమె వంటింట్లో ఉండగా దాన్ని పైకి మోశాను. కాసేపే కదా అనుకున్నాను. పాటలు, వాక్యం, తర్వాత భోజనాలు. ముగింపు ప్రార్థన నేనే చేశాను. బాగా చేశావన్నారు.

అప్పుడు మా ఆవిడ వచ్చి అడిగింది, "యాడ పెట్టినావు వాటిని?"

ఇద్దరం పైకి పరుగెత్తాం. చిన్నది మూతి అద్దానికి ఆనించి చచ్చిపోయి ఉంది. పెద్దది పక్కనే ఎగరొప్పుతూ పడి ఉంది. ఆమె దాన్ని తడి కొంగులో చుట్టుకుంది.

"కిందికి పో. నీ కోసం చూస్తాంటారు" అంది.

పెద్దది బతికింది. మరుసటి రోజే పెద్ద కమ్మీల పంజరం తెచ్చాను. బండలు కోసే చోటికి పోయి నాపరాయి ముక్క కోయించి అడుగున పరిచాను, తడిపితే చల్లగా ఉంటుందని. దాన్ని ముందు గదిలో, వచ్చినవాళ్లందరికీ కనబడేచోట పెట్టాను. ఆమె ఆ రాయి మీద నీళ్లు చల్లి, నా వైపు చూడకుండానే వంటింట్లోకి పోయింది.

ఆపై ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి నిలబడ్డాను. మీరు నవ్వుతారని సిగ్గుపడి ఒక ప్రాణం తీశాను, నా భార్యకు అన్యాయం చేశాను అని చెప్పడం మొదలుపెట్టాను.

"ఎలకకా ఇంత ఏడుపు?" వెనక ఎవరో అన్నారు. కొందరు నవ్వారు.

నేను కూర్చోలేదు. ఆడవాళ్ల వైపు తల వంచుకుని కూర్చున్న ఆమెకు వినబడేలా, చివరిదాకా చెప్పాను.